తలల లెక్క

కోర్బినియన్ కింది నీళ్ళ మీద పడవ నడుపుతాడు. అతని తమ్ముడు వీటస్ పై నీళ్ళ మీద నడుపుతాడు. ఆ రెండు సరస్సులకీ పటాల్లో వేరే పేర్లున్నాయి గాని ఊళ్ళో ఎవరూ వాడరు. రెంటి మధ్యా దేవదారు చెట్ల కింద ఇరవై నిమిషాల నడక. సగం దారిలో నడుమెత్తు తెల్లరాయి ఒకటుంది. రాయికి ఇవతల అన్నది, అవతల తమ్ముడిది. పంతొమ్మిదేళ్ళుగా ఒకడి కాలు ఇంకొకడి వైపు పడలేదు.

తండ్రి పోయిన రోజున మొదలైంది ఇది. ముసలాయన పై నీళ్ళ పక్కన గుడిసెలో పోయాడు. శ్మశానం కింది నీళ్ళకి ఇవతల, ఊళ్ళో. "ఇవి నా నీళ్ళు, నా పడవలోనే దాటాలి" అన్నాడు పెద్దవాడు. "నా చేతుల్లో పోయాడు, తెడ్డు నేనే వేస్తాను" అన్నాడు చిన్నవాడు. ఇద్దరూ ఒడ్డున నిలబడి అరుచుకుంటుంటే శవపేటిక రెండు గంటలు వానలో నానింది. చివరికి ఊరివాళ్ళు నలుగురు ఇద్దర్నీ తిట్టి, తామే ఎక్కించుకుని తోసుకుపోయారు. ఆ తరవాత అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

ఒక్కటి తప్ప. లెక్క. పొద్దున కోర్బినియన్ యాత్రికుల్ని కింది నీళ్ళు దాటించి, రాయి దాకా నడిపించుకొచ్చి, ఎంతమందో గట్టిగా చెబుతాడు. వీటస్ లెక్కపెట్టుకుని అదే అంకె తిరిగి చెబుతాడు. చెప్పాడంటే ఆ మనుషులు అతని పూచీ. సాయంత్రం వీటస్ చెబుతాడు, కోర్బినియన్ తిరిగి చెబుతాడు. వాళ్ళ తాత పెట్టిన పద్ధతి అది. ఎప్పుడో ఎవరో కొండమీద ఉండిపోయాక పెట్టాడట. పెట్టిన తరవాత ఒక్క మనిషీ ఉండిపోలేదు.

ఆ ఏడు ఆ రెండు సరస్సుల యజమానులు కొత్త మాట పంపారు. వచ్చే వసంతం నుంచి రెండు నీళ్ళూ ఒక్కడికే. వాళ్ళ తరఫున వ్యవహారం చూసే ఫారెస్టరు లెయిట్‌నర్ అన్నదమ్ములిద్దరికీ వేరువేరుగా కబురు పెట్టాడు. ఎవడి మీద మచ్చ లేకపోతే వాడికి, నవంబరులో తేల్చేస్తాను, రెండోవాడు రంపపు మిల్లులో పలకలు పేర్చుకోవచ్చు అని.

కోర్బినియన్‌కి యాభై ఆరేళ్ళు. పలకలు పేర్చే వయసు కాదు. పన్నెండో ఏట తెడ్డు పట్టుకున్న మనిషికి ఇంకో పని రాదు కూడాను. పై నీళ్ళంటే చేపలు మంచివి, కొండలు నిటారువి, ఫోటోలు తీసుకునేవాళ్ళు అక్కడే వీటస్ చేతిలో బక్షీసు పెడతారు. కింది నీళ్ళంటే అందరూ దాటి పోయే నీళ్ళు. తండ్రి పంచిపెట్టిన తీరు అది. ఆ వేసవంతా అతను రాత్రి పడుకోబోయే ముందు ఒకటే కోరుకున్నాడు. వీటస్ మీద ఒక్క మచ్చ పడాలి. ఒక్కటి చాలు.

సెప్టెంబరు చివరి ఆదివారం పదకొండు మంది వచ్చారు. తొమ్మిది మంది ఎక్కడెక్కడివాళ్ళో. పదోవాడు లింజ్ నుంచి వచ్చిన చీజ్ వ్యాపారి, బొజ్జా నవ్వూ ఉన్నవాడు. పదకొండోది నోట్‌బుర్గా టీచరమ్మ. ఆవిడ ఊరి మనిషే. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించింది, మిగతా సగం మందిని బెత్తంతో దిద్దింది. ఏటా ఈ రోజుల్లో ఒకసారి ఆకుపచ్చ ఉన్ని కేపు కప్పుకుని, చేతికర్ర పట్టుకుని, రెండు సరస్సులూ దాటి ఆపైన కొండ ఒళ్ళో ఉన్న గుండం దాకా నడిచిపోయి వస్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోదు.

"ఎంతమందిమిరా కోర్బీ?" అంది పడవ ఎక్కుతూనే.

"పదకొండు, టీచరమ్మా."

"పదివేళ్ళూ అయిపోయాక దేంతో లెక్కపెట్టావు?"

పడవంతా గొల్లుమంది. చీజ్ వ్యాపారి బొజ్జ ఊగింది. "మీ శిష్యుడా అమ్మా ఇతను?"

"శిష్యుడేమిటి నాయనా! ఆరేళ్ళు కూర్చుని నా బల్ల అరగదీశాడు. వీడికి తరగతిలో లెక్క చెప్పమంటే పక్కవాడి మొహం చూసి, వాడు ఏది చెబితే అదే చెప్పేవాడు. వాళ్ళ నాన్న వచ్చి బడి మాన్పిస్తానంటే నేనే అన్నాను, తీసుకుపో బాబూ, పడవే నయం, చెక్కకి చెక్క తోడు అని."

కోర్బినియన్ కూడా నవ్వాడు. ఆ మాటకి నలభై నాలుగేళ్ళుగా నవ్వుతున్నాడు. నవ్వకపోతే ఇంకోసారి చెబుతుంది.

పడవ వెనక నిలబడి తెడ్డు వేస్తుంటే దక్షిణం నుంచి వెచ్చటి గాలి మెడకి తగిలింది. కొండలు చేత్తో ముట్టుకునేంత దగ్గరగా, ఒక్కో పగులూ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. యాత్రికులు ఆహా ఓహో అనుకున్నారు. కోర్బినియన్‌కి ఆ స్పష్టత నచ్చలేదు. ఈ వెచ్చగాలి తెగిపోయిందంటే ఆ కొండల మీంచి మంచు దిగుతుంది. ఏం చెప్పలేదు. చెబితే యాత్ర ఆగిపోతుంది, ఆపినవాడి మీద ఫిర్యాదు వెళుతుంది.

రాయి దగ్గర వీటస్ ఉన్నాడు. అన్నకంటే ఆరేళ్ళు చిన్న, భుజాలు వెడల్పు. ఇద్దరూ ఎప్పట్లాగే యాత్రికుల బూట్ల వంకే చూశారు.

"పదకొండు" అన్నాడు కోర్బినియన్.

"పదకొండు" అన్నాడు వీటస్.

మనుషులు అటు వెళ్ళిపోయారు. ఆకుపచ్చ కేపు అందరికంటే వెనక, కర్ర టకటకలాడించుకుంటూ పోయింది.

కోర్బినియన్ తన ఒడ్డుకి తిరిగొచ్చి పడవలో కూర్చున్నాడు. నల్ల రొట్టె, ఉప్పు పట్టించి ఆరేసిన పందిమాంసం, ఒక ఉల్లిపాయ. కత్తితో కోసుకుని తిన్నాడు. కాసేపు కునుకు తీశాడు. రెండున్నరకి చలికి మెలకువ వచ్చింది. వెచ్చగాలి పోయింది. పై నీళ్ళ అవతల కొండల కొసలు కనిపించడం లేదు, వాటి బదులు బూడిదరంగు గోడ ఒకటి దిగుతోంది. గాలి ఇప్పుడు అటునుంచే, పై నీళ్ళ మీదుగా, కనుమలోంచి సూటిగా కొడుతోంది.

అతను రాయి దగ్గరికి నడిచాడు. మామూలుగా నాలుగింటికి రావలసినవాళ్ళు మూడుంబావుకే వచ్చారు, పరుగులాంటి నడకతో, ముసుగులు మొహాల మీదికి లాక్కుని, ఎవరి గొడవ వాళ్ళదిగా. కోర్బినియన్ లెక్కపెట్టాడు. పది. మళ్ళీ పెట్టాడు, ఈసారి టోపీలు పట్టి, బూట్లు పట్టి. పది. ఆకుపచ్చ కేపు లేదు.

వీటస్ చివరన వచ్చి రాయికి అవతల ఆగాడు. రొప్పుతున్నాడు. కనుబొమల మీద మంచు పలుకులు.

"పదకొండు" అన్నాడు.

కోర్బినియన్‌కి గుండె ఒక్కసారి ఎగిరి పడింది. తప్పాడు! పంతొమ్మిదేళ్ళకి తప్పాడు! ఒక్క మాట చాలు, పది అనాలి, అంతే. వీటస్ వెనక్కి పోతాడు, ముసలమ్మని తెస్తాడు, లెక్క సరిపోతుంది, మచ్చ ఉండదు. అనకపోతే? పై నీళ్ళకి అవతల, రేవుకి వంద అడుగుల్లో, గడ్డి కొట్టం ఉంది. తలుపుకి తాళం ఉండదు. గడ్డి నిండుగా ఉంటుంది. ఒక్క రాత్రి. బెత్తంతో పిల్లల వీపులు చీల్చిన మనిషి, ఒక్క రాత్రికి చావదు. రేపు పొద్దున కాళ్ళు బిగుసుకుపోయి, కోపంతో కుతకుతలాడుతూ దిగొస్తుంది. నేరుగా ఫారెస్టరు దగ్గరికే పోతుంది. ఆ నోటి ముందు వీటస్ ఒక్క క్షణం నిలవడు. మొదట తప్పు చెప్పింది వాడు, మచ్చ వాడిదే.

తమ్ముడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. బూట్ల వంక చూడటంలేదు. సూటిగా మొహంలోకి చూస్తున్నాడు. భయం, అనుకున్నాడు కోర్బినియన్. ఆ భయం అతనికి తియ్యగా ఉంది.

"పదకొండు" అన్నాడు.

వీటస్ కదల్లేదు. తరవాత వెనక్కి తిరిగి, దాదాపు పరుగెత్తుతూ, చెట్లలోకి పోయాడు.

కింది నీళ్ళ మధ్యలో ఉండగా చీజ్ వ్యాపారి తల పక్కకి వంచి విన్నాడు. "ఏమోయ్ పడవాయనా, ఎవరో 'పడవోయ్' అని పిలిచినట్టు లేదూ? పైనుంచి?"

కోర్బినియన్‌కీ వినిపించింది. సన్నగా, గాలి ఈడ్చుకొచ్చిన దారప్పోగులాగా. ఆ గొంతు అతనికి తెలుసు. బడి గంట తరవాత ఆరేళ్ళు విన్న గొంతు.

"అడవి మేకలు. గాలి మారితే అలాగే అరుస్తాయి."

"మేకలకి పడవ దేనికయ్యా?"

పళ్ళు కొట్టుకుంటున్నా అందరూ నవ్వారు. కోర్బినియన్ తెడ్డు ఇంకాస్త లోతుగా దించాడు.

ఇంటి గుమ్మంలో భార్య క్రెస్సెన్స్ నిలబడి ఉంది. రేవు ఆ గుమ్మంలోంచి కనిపిస్తుంది. టీచరమ్మ ఏటా యాత్ర అయ్యాక ఆ ఇంట్లోనే కూర్చుని కాఫీ తాగి, ఇల్లు ఎంత మురికిగా ఉందో చెప్పి వెళుతుంది. అందుకని క్రెస్సెన్స్ పొద్దుటి నుంచీ నేల తోముతోంది.

"ఏమయ్యా, టీచరమ్మ దిగలేదేం?"

"వీటస్ గుడిసెలో ఆగింది. చలి తగ్గాక వస్తానంది. రేపు."

"ఆవిడా? వీటస్ గుడిసెలోనా?"

"నేనేమన్నా కల్పించి చెబుతున్నానా? సూపు పెట్టు."

చీకటి పడబోయే ముందు టీచరమ్మ మేనకోడలు వచ్చి అడిగితే క్రెస్సెన్స్ అదే మాట చెప్పింది. మేనకోడలు నిశ్చింతగా వెళ్ళిపోయింది.

పొద్దున చీలమండ లోతు మంచు. ఏడింటికి కనుమలోంచి వీటస్ రేవు గంట వినిపించింది, ఆగి ఆగి, మూడేసి దెబ్బలు. చావు గంట అది. కోర్బినియన్ పడవ తీసుకుపోయేసరికి కింది నీళ్ళ అవతలి రేవులో, వీటస్ రాయి దాటి తెచ్చి పెట్టిన చెక్కపలక మీద టీచరమ్మ పడుకుని ఉంది. పడుకుంది అనడం కూడా సరి కాదు. వీటస్‌కి ఎలా దొరికిందో అలాగే ఉంది, కూర్చున్న భంగిమలో బిగుసుకుపోయి, పక్కకి ఒరిగి. కేపు మోకాళ్ళ కింద పొందిగ్గా దోపుకుంది. రెండు చేతులూ కర్ర మీద. ఒళ్ళో సంచీ, సంచీ నిండా ఎర్రటి కొండపళ్ళు. గుండం వెనక వాటికోసం వెళ్ళి ఆలస్యమైంది కాబోలు.

పై నీళ్ళ అవతలి రేవులో గుంజకి ఆనుకుని కూర్చుందట. కొట్టం వంద అడుగుల్లోనే ఉంది. ఒక్క అడుగు కూడా అటు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగలేదు. రాయి దగ్గర లెక్క తేలగానే పడవ వెనక్కి వస్తుందని అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కొట్టంలో దూరితే వచ్చినవాడికి కనిపించనని రేవులోనే కూర్చుంది.

మర్నాడు ఫారెస్టరు పిలిపించాడు. క్రెస్సెన్స్ మంచి కోటు తీసి దులుపుతూ, మొగుడి వైపు చూడకుండా అంది. "లెక్క తప్పిందని చెప్పు."

"తప్పింది వాడికి."

"నీకూ తప్పిందని చెప్పు. తెలివితక్కువవాడనుకుంటారు. ఎలాగూ అనుకుంటున్నారుగా, కొత్తగా పోయేదేముంది? మొన్న సాయంత్రం నా మొహంలోకి చూసి అబద్ధమాడావు. ముప్పై ఏళ్ళలో మాట్లాడేటప్పుడు నా మొహం ఎన్నడన్నా చూశావా? నాకప్పుడే తెలియవలసింది." కోటు అతని మీదికి విసిరింది. "లెక్క తప్పిందని చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు. గుడిసె మాట నా ఊహేనని ఆ మేనకోడలికి నేను చెప్పుకున్నాను."

ఫారెస్టరు గదిలో పొయ్యి మండుతోంది. బల్ల వెనక లెయిట్‌నర్, పక్కన కలం పట్టుకుని గుమాస్తా. మంచు వల్ల ఊళ్ళో చిక్కుకుపోయిన చీజ్ వ్యాపారి ఒక మూల. వీటస్ నిలబడి ఉన్నాడు, రెండు చేతులకీ గుడ్డలు చుట్టి.

"గాలి మారింది దొరా" అన్నాడు వీటస్. "తొందరలో పదకొండనుకున్నాను. గుడిసెకి పోయాక గుర్తొచ్చింది. చీకట్లో రెండుసార్లు పడవ తోశాను. సగం కూడా పోనివ్వలేదు గాలి, తిరగ్గొట్టింది. అరచేతుల తోలు ఊడిపోయింది."

లెయిట్‌నర్ ఆ గుడ్డల వంక చూశాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"కోర్బినియన్, నువ్వూ పదకొండే అన్నావట."

"అన్నాడండీ" అన్నాడు చీజ్ వ్యాపారి. "చెవులారా విన్నాను."

లెయిట్‌నర్ చెడ్డవాడు కాదు. ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుని, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడవయ్యా. నీకు లెక్క అంతంతమాత్రమని ఊరందరికీ తెలుసు. చచ్చి స్వర్గానున్న ఆ తల్లే అంటూండేది, పక్కవాడు ఏది చెబితే వీడూ అదే చెబుతాడని. నీ తమ్ముడు పదకొండంటే నువ్వూ పదకొండన్నావు. వాడికి తొందర, నీకు తెలియనితనం. ఆవిడకి రోజులు నిండాయి. అలాగే రాస్తాను. ఇద్దరూ సంతకం చేసి ఇళ్ళకి పొండి."

గట్టెక్కాడు. మిల్లు లేదు, జైలు లేదు, ఏమీ లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు.

గుమాస్తా కాగితం ఇటు తిప్పుతూ అన్నాడు. "సంతకం వచ్చునా, లేక వేలిముద్రా? చూసుకో, పదివేళ్ళలో ఏదో ఒకటి." చీజ్ వ్యాపారి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. చచ్చిపోయాక కూడా ఆవిడ మాట పడవ దిగి ఊళ్ళోకి వచ్చేసింది.

"నాకు లెక్క వచ్చు" అన్నాడు కోర్బినియన్.

"సరేలే."

"సరేలే కాదు. వచ్చు. పంతొమ్మిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు లెక్కపెడుతున్నాను, ఒక్కసారి తప్పలేదు. మొన్నా తప్పలేదు. పదిమంది. టోపీలు లెక్కపెట్టాను, బూట్లు లెక్కపెట్టాను. పదిమందే. ఆకుపచ్చ కేపు లేదు, నేను చూశాను. తప్పింది వాడికి!" గుడ్డల చేతుల వైపు వేలు చూపించాడు. గొంతు పెద్దదైపోయింది. "నాకు కాదు. రాయండి. నేను సరిగ్గానే లెక్కపెట్టానని రాయండి!"

గుమాస్తా కలం ఆగిపోయింది. చీజ్ వ్యాపారి కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, కోర్బినియన్‌కి దూరంగా ఒక అడుగు జరిగాడు.

"మేకలన్నావు నాతో" అన్నాడు.

లెయిట్‌నర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "రాయి" అన్నాడు గుమాస్తాతో. "పదిమందే అని తనకి తెలుసునట. తెలిసే పదకొండన్నాడట."

అప్పుడు అర్థమైంది కోర్బినియన్‌కి.

తక్కినదంతా పావుగంటలో అయిపోయింది. పోలీసులకి కబురు వెళ్ళింది. వాళ్ళు పట్నం నుంచి వచ్చేలోగా పడవల కొట్టం తాళంచెవి తమ్ముడికి అప్పగించమన్నాడు లెయిట్‌నర్, ఇక రెండు నీళ్ళూ వీటస్‌వేనని.

ఇద్దరూ మంచులో కింది రేవుకి నడిచారు, ఒకడి వెనక ఒకడు. ఊరివాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. క్రెస్సెన్స్ గుమ్మం తలుపు వేసి ఉంది.

"ఆవిడ రాలేదని నాకు అవతలి ఒడ్డునే తెలుసు" అన్నాడు వీటస్, నడుస్తూనే.

కోర్బినియన్ ఆగిపోయాడు.

"కేకలేశాను. రాలేదు. మంచు మొదలైంది. ఇంకాస్త ఆగితే పడవలో పదిమందీ పోయేవాళ్ళు. తోసేశాను."

"మరి పదకొండన్నావేం?"

"పది అంటే ఒకరిని వదిలేశానని అందరి ముందూ నేనే ఒప్పుకున్నట్టేగా. నీకు లెక్క తప్పదు, నాకు తెలుసు. నువ్వు కాదంటావు, పది అంటావు, అప్పుడిద్దరం కలిసి వెనక్కి పోదామనుకున్నాను. రెండు తెడ్లు పడితే ఆ గాలిని దాటగలం. నీ మొహం వంక చూశాను కూడా."

"ఈ మాట లోపల చెప్పలేదేంరా?"

"చెబితే నాకూ పోతుంది కదన్నా" అన్నాడు వీటస్. ఎగతాళిగా కాదు. ఉన్నమాట చెబుతున్నట్టు.

పడవల కొట్టం దగ్గర చెయ్యి చాపాడు. కోర్బినియన్ తాళంచెవి ఆ గుడ్డల మీద పెట్టాడు. వీటస్ తాళంలో పెట్టి తిప్పబోయాడు. తిరగలేదు. అరచేతులు నొప్పి పుట్టి మొహం చిట్లించుకున్నాడు. మళ్ళీ తిప్పాడు.

"నూనన్నా పెట్టుకోలేదూ ఇన్నాళ్ళూ?"

కోర్బినియన్ నీళ్ళ వంక చూస్తున్నాడు. గాలి లేదు. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

"కొంచెం పైకెత్తి తిప్పరా" అన్నాడు.

తాళం ఊడింది.